ఛాయాపటములు: దాఁచు ప్రతి, పంపు ప్రతి

మన పాఠశాలలోఁ జదువుచున్న బాలబాలికలలో అనేకులు తమ తమ సంఘములలో నొక క్రొత్త పరిచర్య చేయుచున్నారు. కోతపండుగ యైనను, క్రిస్మసు కూడిక యైనను, సండేస్కూలు వార్షికోత్సవ మైనను జరిగినప్పుడు, "నీవు ఫోనుతో బాగుగ ఫొటోలు తీయుదువు గదా, వానిని వెబ్‌సైటులోఁ బెట్టుము, ఈమెయిలు పత్రికకుఁ బంపుము" అని పెద్దలు వారికే యా పనిని అప్పగించుచున్నారు. పని చిన్నదిగాఁ గనఁబడును. అయినను దానియందు మూఁడు విధములైన బాధ్యతలు కలవు. మొదటిది చిత్రమును చూచువారి యెడల; రెండవది చిత్రములో నున్నవారి యెడల; మూఁడవది ఇంక పుట్టవలసిన తరమువారి యెడల.

ఈ మూఁడు బాధ్యతలను ఒక్క సూత్రముచేత నెఱవేర్పవచ్చు నని చూపుటయే యీ పాఠముయొక్క యుద్దేశము. ఆ సూత్ర మిది: ప్రతి ఛాయాపటమునకును రెండు ప్రతు లుండవలెను. ఒకటి దాఁచుకొనునది, రెండవది పంపునది. మొదటిదానిని ఎన్నఁడును మార్పరాదు. రెండవదానిని సిద్ధపఱపక యెన్నఁడును పంపరాదు.

1. బషీర్‌బాగులోని దృష్టాంతము

ప్రతిదినమును బషీర్‌బాగు మీఁదుగా బడికి వచ్చు పిల్లలలో, ఆ పే రెట్లు కలిగెనో యెఱిఁగినవారు కొందఱే. బాగు అనఁగా తోఁట. బషీరుద్దౌలా యను బిరుదముగల నవాబు సర్ ఆస్మాన్ జా పాయెగా ప్రభువులలో నొకఁడు; 1887లో నిజాము ప్రభుత్వమునకు ప్రధానమంత్రి యయ్యెను. ఆయన యిచ్చటఁ గట్టించిన మహలునకు బషీర్‌బాగని పేరు. నేఁడు పేరు నిలిచినది గాని మహలు లేదు. అయినను అది యెట్లుండెనో మనము చూడఁగలము. ఏలయనఁగా రాజా దీన్‌దయాళు దానిని ఛాయాపటములుగాఁ దీసియుంచెను.

దీన్‌దయాళు 1844లో మీరటు సమీపమందలి సర్ధనాలో జన్మించెను. రూర్కీలో ఇంజనీరింగు విద్య నభ్యసించెను. 1886లో సికిందరాబాదునందుఁ దన చిత్రశాలను నెలకొల్పెను. ఆఱవ నిజామగు మహబూబ్ అలీఖాను ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారునిగాఁ జేసికొనెను. ఆయన 1905లో మరణించెను. ఆ దినములలో చిత్రము మొదట గాజుపలకమీఁదఁ బడెడిది. ఆ పలకనుండి కాగితముమీఁదికి ఎన్ని ప్రతులైనను దింపవచ్చును. కాగితపు ప్రతులు కోరినవారి యిండ్లకుఁ బోయెను. పలకలు చిత్రశాలయందే నిలిచెను. 1989లో ఆయన వంశస్థులయొద్దనుండి 2,857 గాజుపలకలను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమువారు సంపాదించి భద్రపఱచిరి.

గాజుపలక దాఁచు ప్రతి. కాగితము పంపు ప్రతి. కాఁబట్టి మన సూత్రము క్రొత్తది కాదు. ఈ పట్టణమందే పూర్వుఁడొకఁడు ఆచరించి చూపినదే.

2. చుక్కల లెక్క

ముంగిట ముగ్గు వేయువారు మొదట చుక్కలు పెట్టుదురు. చుక్కలెన్నో ముగ్గంత. తెరమీఁదఁ గనఁబడు ఛాయాపటము సయితము చుక్కల కూర్పే. ఆ చుక్కకు పిక్సెలని పేరు. ముగ్గులో చుక్కలను గీఁతలతోఁ గలుపుదురు. ఇచ్చట గీఁతలు లేవు, రంగురంగుల చుక్కలే ఒకదాని ప్రక్క నొకటి చేరి రూపమును గల్పించును. 1957లో అమెరికా దేశమున రస్సెల్ కిర్ష్ అను నాయన తన పసికుమారుని ఛాయాపటమును మొట్టమొదట కంప్యూటరులోనికి ఎక్కించెను. అది అడ్డముగ 176, నిలువుగ 176 చుక్కలు గల చిన్న చిత్రము.

నేఁడు మన చేతిలోని సామాన్యమైన ఫోను తీయు చిత్రము అడ్డముగ 4,000, నిలువుగ 3,000 చుక్కలు గలదై యుండవచ్చును. గుణించి చూడుఁడు: ఒక కోటి యిరువది లక్షల చుక్కలు. దానిని గట్టిగా నొత్తి చిన్నదిచేసి ఫోను దాఁచుకొనినను, ఒక్కొక్క చిత్రము సుమారు 4 మెగాబైట్ల బరువు తూఁగును.

ఇప్పుడొక లెక్క చేయుదము. ఒక సంఘమువారు 300 కుటుంబములకు నెలకొక ఈమెయిలు పత్రిక పంపుదురనుకొనుఁడు. దానిలో 6 చిత్రములను తీసినవి తీసినట్లే చేర్చిన యెడల, ఒక్కొక్క లేఖ 24 మెగాబైట్లు. ఈమెయిలు ప్రయాణమునకై దస్త్రమును అక్షరరూపముగా మార్చునప్పుడు దాని బరువు మూఁడవవంతు పెరిఁగి 32 అగును. జీమెయిలులో ఒక లేఖకు జతపఱపఁదగిన దస్త్రముల మొత్తము 25 మెగాబైట్లే గనుక మనము హద్దు నంటుచునే యున్నాము. అంతకంటెఁ జిన్న హద్దుగల సేవలో ఆ లేఖ చేరనే చేరదు. చేరినను, 300 కుటుంబములవారు దింపుకొనవలసినది పెరుఁగుదలను విడిచి లెక్కించినను మొత్తము 7,200 మెగాబైట్లు.

అదే చిత్రమును అడ్డము 1,200, నిలువు 900 చుక్కలకుఁ దగ్గించినచో, చుక్కలు పదునొకండవవంతు మాత్రమే మిగులును. బరువు సాధారణముగ 200 కిలోబైట్లకు అటునిటుగా నుండును. ఆఱు చిత్రములును గలిసి 1,200 కిలోబైట్లు. 300 కుటుంబములకుఁ గలిపి 360 మెగాబైట్లు. ఫోను తెరమీఁద చూచువాని కంటికి ఈ రెంటికిని భేదము తోఁపదు. భేదము తోఁచునది అతని సంచికే. నెలకింత యని లెక్కపెట్టి డేటా కొనుక్కొను కూలివానికి, పల్లెలో సన్నని సిగ్నలుతో మనుమరాలి బాప్తిస్మపు చిత్రము తెఱచుకొనుటకు వేచియుండు ముసలమ్మకు, మన బరువైన చిత్రము మూసిన తలుపువంటిది. దానిని తేలికచేయుట వారి యెడల మర్యాద.

ఇచ్చటనే యొక హెచ్చరిక. పెద్దదానిని చిన్నది చేయవచ్చును గాని, చిన్నదానిని తిరిగి పెద్దది చేసినచో పోయిన చుక్కలు రావు. కాఁబట్టియే తగ్గించిన ప్రతిని వేఱొక పేరుతో దాఁచవలెను గాని, అసలుమీఁదనే దానిని వ్రాసి యసలును పోఁగొట్టుకొనరాదు.

3. ఒత్తి చిన్నదిచేయు విద్య

ఒక కోటి యిరువది లక్షల చుక్కలకు, చుక్కకు మూఁడు బైట్ల వంతున లెక్కించిన, 36 మెగాబైట్లు కావలెను. అది 4 మెగాబైట్లలో నెట్లిమిడెను? 1992లో వెలువడిన జేపెగ్ అను ప్రమాణమువలన. ఇది చిత్రమును అడ్డము ఎనిమిది, నిలువు ఎనిమిది చుక్కలుగల చిన్నచిన్న గళ్లుగా విభజించి, ఒక్కొక్క గడిలో మానవనేత్రము పట్టని సూక్ష్మభేదములను విడిచి, పట్టువానిని నిలుపును. దీనికి మూలమైన గణితమును బెంగుళూరులో జన్మించిన నసీర్ అహ్మదు ఊహించి, టి. నటరాజన్, కె. ఆర్. రావు అనువారితోఁ గూడి 1974లో ప్రకటించెను. ఈ రావుగారి పూర్తిపేరు కామిశెట్టి రామమోహనరావు. టెక్సస్ రాష్ట్రమందలి ఆర్లింగ్టన్ విశ్వవిద్యాలయమునఁ జిరకాలము బోధించిరి. ఆ పేరు మన చెవులకుఁ గొత్తది కాదు. కోసైనుల లెక్కలు ఎందుకు పనికివచ్చునని అడుగు పిల్లలు ఈ సంగతి మఱవకుందురు గాక.

విడిచిన సూక్ష్మము మరల రాదు. జేపెగ్ దస్త్రమును తెఱచి, దిద్ది, భద్రపఱచిన ప్రతిసారియు మఱికొంత పోవును. ఒకఁడు వ్రాసినదానిని చూచి రెండవవాఁడు, వాని ప్రతిని చూచి మూఁడవవాఁడు నకలు వ్రాసినచో తప్పులు పెరుఁగునట్లే యిదియును. కావున దిద్దవలసి వచ్చినప్పుడెల్ల దాఁచిన యసలునుండియే క్రొత్త ప్రతి తీయవలెను.

మనుష్యుల చిత్రములకు, కట్టడముల చిత్రములకు జేపెగ్ తగినది. అక్షరములున్న ప్రకటనపత్రములకును, సంఘపు ముద్రికలకును పీఎన్‌జీ తగినది. జేపెగ్‌లో అక్షరముల యంచులు మసకబారును. 2017 మొదలు ఐఫోనులు హైక్ అను రూపమున చిత్రములను దాఁచుచున్నవి. దీనిని తెఱవలేని కంప్యూటరులు గలవు గనుక, పంపు ప్రతిని జేపెగ్‌గా మార్చి పంపవలెను.

4. పంపు ప్రతిని సిద్ధపఱచు క్రమము

మొదటిది, కూర్చుట. చిత్రములను తీసినవారియొద్దనుండి అసలు దస్త్రములనే యడిగి తీసికొనవలెను. వాట్సాపులో ఫొటోగాఁ బంపిన చిత్రము దారిలోనే చిక్కిపోవును. డాక్యుమెంటుగాఁ బంపినచో ఉన్నదున్నట్లు చేరును. కేబులుతోఁ గంప్యూటరులోనికి దింపుకొనుట ఇంకను మేలు.

రెండవది, ఏఱుట. కూడికలో నఱువది చిత్రములు తీసినచో ఆఱు చాలును. ఒకే వేదిక, ఒకే దండ, ఒకే శాలువ గల చిత్రము లిరువది పెట్టినచో చూచువారికి విసుగు. వంటశాలలో గరిటె పట్టిన స్త్రీలు, కుర్చీలు సర్దిన యౌవనస్థులు, వెనుక వరుసలో నిలిచి పాడిన పిల్లలు, వీరును సంఘమే. వేదికమీఁదివారిని మాత్రమే ఏఱినచో ఆ చిత్రములు అర్ధసత్యము చెప్పును.

మూఁడవది, సరిచేయుట. వంకరగానున్న నేలగీఁతను తిన్నన చేయవచ్చును. చీఁకటిగానున్న ముఖములకుఁ గొంచెము వెలుఁగు నీయవచ్చును. అక్కఱలేని యంచులను కత్తిరింపవచ్చును. గన్‌ఫౌండ్రీలోని సెయింటు జోసెఫ్ కెథీడ్రలు గోపురములను దగ్గఱ నిలిచి ఫోను పైకెత్తి తీసినచో, అవి మీఁదికిఁ బోవుకొలఁది లోనికి వాలినట్లు కనఁబడును. దీనిని పిదప దిద్దుటకంటె, వీధికి ఆవలివైపునకుఁ బోయి ఫోను నిటారుగా పట్టి తీయుటయే మేలు. మధ్యాహ్నపు టెండలో తెల్లని గోడ తెల్లగుడ్డవలె వెలిసిపోవును. ఉదయమునను సాయంకాలమునను గోడమీఁది శిల్పము కనఁబడును.

నాలుగవది, తగ్గించుట. అడ్డముగ 1,200 చుక్కలు వెబ్‌సైటులోని వార్తలకును, ఈమెయిలు పత్రికకును సరిపోవును. తగ్గించునప్పుడు అడ్డమును నిలువును ఒకే పాళములో తగ్గవలెను. లేనిచో గురువుగారు పొట్టిగాను, లావుగాను కనఁబడుదురు.

అయిదవది, పేరు పెట్టుట. ఫోను ఇచ్చిన అంకెల పేరు ఎవరికిని ఏమియుఁ దెలుపదు. సంవత్సరము, నెల, తేది, సందర్భము, వరుస సంఖ్య, ఈ క్రమమున పేరు పెట్టినచో దస్త్రములు తామే కాలక్రమమున నిలుచును. ఉదాహరణము: 2024-12-25-క్రిస్మసు-03. పంపు ప్రతికి చివర "చిన్నది" యని చేర్చిన రెండును కలిసిపోవు.

ఆఱవది, పరీక్షించుట. పత్రికను అందఱికిఁ బంపకముందు, ఒక చవుక ఫోనులో, వైఫై లేకుండ, మీరే తెఱచి చూడుఁడు. అది త్వరగాఁ దెఱచుకొన్నచో పని ముగిసినది.

5. చిత్రములో నున్నవారు

చిత్రమును తగ్గించుట చేతిపని. ఇప్పుడు చెప్పఁబోవునది మనస్సాక్షి పని. ఫోను తీయు చిత్రముతోఁ గూడ, తీసిన దినము, గడియ, ఒక్కొక్కప్పుడు తీసిన స్థలముయొక్క అక్షాంశ రేఖాంశములును కనఁబడని వ్రాఁతగా దస్త్రములోఁ జేరియుండును. దాఁచు ప్రతిలో నది యమూల్యమైన చరిత్ర. పంపు ప్రతిలో నది ప్రమాదము కావచ్చును. ఒక బాలిక యింటి ముంగిటఁ దీసిన చిత్రము ఆమె యిల్లెక్కడనో లోకమునకెల్లఁ జెప్పును. కాఁబట్టి పంపునప్పుడు స్థలసూచనను తీసివేయవలెను. ఫోనులలో ఇందుకు సదుపాయము కలదు.

పిల్లల చిత్రములను ప్రచురించుటకు ముందు తల్లిదండ్రుల సెలవు పొందవలెను. కాగితముమీఁద పొందుట మేలు. 2023 సంవత్సరపు భారతదేశపు వైయక్తిక డిజిటలు సమాచార సంరక్షణ చట్టము పదునెనిమిది యేండ్లు నిండనివారిని బాలలుగా నెంచి, వారి సమాచారమునకు తల్లిదండ్రుల యనుమతి కావలెనని విధించుచున్నది. చట్టము లేకపోయినను మర్యాద యదే. బిడ్డ ముఖము ప్రక్కన పూర్తిపేరు, తరగతి, ఊరు చేర్చి బహిరంగముగఁ బెట్టవలసిన యక్కఱ యెన్నఁడును లేదు.

ఇంకొకటి కలదు. బీదలకు బియ్యము, దుప్పట్లు పంచునప్పుడు, ఇచ్చువాఁడు నవ్వుచు, పుచ్చుకొనువాఁడు తలవంచుకొని యున్న చిత్రములను తీయు నలవాటు మిక్కుటమైనది. పూర్వపు మిషను పత్రికలలోను కరవు కాలపు అనాథల చిత్రములు అచ్చుపడెను. చాలవాని క్రింద ఆ బిడ్డల పేరుకూడ లేదు. ఆ చిత్రములవలన సహాయము వచ్చియుండవచ్చును. అయినను ఆ బిడ్డ పెద్దదై తన చిత్రమును తాను చూచినచో నేమనుకొనును? నీ తల్లి యా వరుసలో నిలిచియున్నచో ఆ చిత్రమును పంపుదువా? పంపనిచో, ఎవరి తల్లిదియుఁ బంపకుము. బియ్యపు బస్తాలను, పంచు చేతులను చూపినను వార్త వార్తయే.

దిద్దుటకును హద్దు కలదు. కృత్రిమమేధతోఁ బనిచేయు నుపకరణములు నేఁడు రానివానిని వచ్చినట్లు నిలుపఁగలవు, ఖాళీ కుర్చీలను నింపఁగలవు. వెలుఁగును సరిచేయుట తుడుచుట వంటిది. లేని మనిషిని చేర్చుట అబద్ధము వ్రాయుట. నూఱుమంది వచ్చిన కూడికలో నూఱుమందియే కనఁబడవలెను.

6. చిత్రము క్రింది వ్రాఁత

చిత్రము క్రింద నాలుగు ప్రశ్నలకు ఉత్తరముండవలెను: ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏ సందర్భమున. పెద్దల గుంపు చిత్రమునకు "ఎడమనుండి కుడికి" అని వరుసగాఁ బేర్లు వ్రాయవలెను. ఇచ్చటను రెండు ప్రతుల సూత్రమే వర్తించును. దాఁచు ప్రతితోనుండు పట్టికలో పిల్లల పేర్లతో సహా అందఱి పేర్లును వ్రాయవలెను. పంపు ప్రతిలో అనుమతిగలవారివి మాత్రమే. దాఁచువాఁడు మఱవరాదు, పంపువాఁడు అన్నియుఁ జెప్పరాదు.

సంఘపత్రికలలో ననేకము అను ఫాంట్లతోఁ గూర్పఁబడినవి. ఆ అక్షరములను వెబ్‌సైటులోనికిఁ దెచ్చి యతికించినచో అర్థములేని గుర్తులగును. ఫోనులోను కంప్యూటరులోను ఒకే రీతిగఁ గనఁబడుటకు వ్రాఁతను యూనికోడు తెలుఁగులోఁ గూర్పవలెను. వార్తను చిత్రములోనే యక్షరములుగా నింపి పంపుటయు తగదు. దానిని వెదకుట కష్టము, చూపులేనివారి ఫోను దానిని చదివి వినిపింపక పోవచ్చును. వెబ్‌సైటులో ప్రతి చిత్రమునకును "కోతపండుగనాఁడు గుమ్మడికాయలు తెచ్చుచున్న పిల్లలు" అని యొక వాక్యపు వివరణ చేర్చినచో, చూపులేని సహోదరుఁడును ఆ పండుగలో పాలుపొందును.

7. పెట్టెలోని పాతపటములు

ఈ పనియంతటిలో నత్యవసరమైనది కడపటఁ జెప్పుచున్నాము. మన యిండ్లలో, దేవాలయపు బీరువాలలో, పాత పటములు చెదలకు ఆహారమగుచున్నవి. వానిలోని ముఖములకుఁ బేర్లు తెలిసినవారు నేఁడు ఎనుబది యేండ్ల వృద్ధులు. పటము పాడైనను కొంతకాలము నిలుచును. పేరు మాత్రము ఆ వృద్ధురాలితోనే పోవును. కాఁబట్టి వేసవి సెలవులలో, పటములను పట్టుకొని అవ్వ ప్రక్కనఁ గూర్చుండి, "ఇది ఎవరమ్మా?" అని యడిగి వ్రాసికొనుఁడు. పటము వెనుక మెత్తని పెన్సిలుతో వ్రాయవలెను. కలపు సిరా రెండవవైపునకు ఊరును.

స్కానరులో అంగుళమునకు 600 చుక్కల వంతున పట్టినచో, నాలుగంగుళములు ఆఱంగుళములు గల పటము 2,400, 3,600 చుక్కల చిత్రమగును. అది దాఁచుటకుఁ దగినది. మరకలను, చీలికలను పంపు ప్రతిలో మాపవచ్చును. దాఁచు ప్రతిలో మాపరాదు. కృత్రిమమేధతో మసక ముఖమును స్పష్టముగాఁ జేసినచో, అది మన తాతగారి ముఖము కాదు, యంత్రము ఊహించిన యొక ముఖము.

దాఁచినది ఒక్కచోట నుంచరాదు. 1908 సెప్టెంబరు 28వ తేదిని మూసీనది పొంగి ఈ పట్టణమున వేలాది యిండ్లను ముంచివేసెను. ఒకే యింటనున్న వస్తువు ఒకే రాత్రిలోఁ బోవును. కావున మూఁడు ప్రతు లుంచుఁడు: ఒకటి కంప్యూటరులో, ఒకటి వేఱు డిస్కులో, ఒకటి వేఱొక యింటనో క్లౌడులోనో.

విద్యార్థులారా, బషీర్‌బాగు మహలు కట్టించినవాఁడు దానిని నిలుపుకొనలేకపోయెను. దాని చిత్రము తీసినవాఁడు దాని రూపమును నిలిపెను. మీ చేతిలోని ఫోనును అట్టి పనియే చేయఁగలదు. తల్లిదండ్రులకు మా మనవి: పిల్లలు ఈ పనికై పాతపెట్టె తెఱువుమని యడిగినప్పుడు, ఒక పూట వారితోఁ గూర్చుండుఁడు.

అభ్యాసము

1. 3,000 అడ్డము, 2,000 నిలువు చుక్కలుగల చిత్రమును 1,200 అడ్డమునకుఁ దగ్గించినచో నిలువెంత యుండవలెను? చుక్కలు ఎన్నవవంతగును?
2. దాఁచు ప్రతిలో నుండవలసినవియు, పంపు ప్రతిలో నుండరానివియునగు రెండు సంగతులను వ్రాయుము.
3. మీ యింటిలోని పాతపటము నొకదానిని తీసికొని, దానిలోనివారి పేర్లను పెద్దల నడిగి వరుసగా వ్రాయుము. ఒక్క పేరైనను ఎవరికిని తెలియనిచో, ఇంకెవరి నడుగవచ్చునో వారి యింటికిఁ బోయి యడుగుము.